రెండో గడి

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. వానలకన్నా ముందు నర్సమ్మ వచ్చింది, మా ఆఫీసుకి.

హౌసింగ్ ఆఫీసులో తనిఖీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం నాది. అద్దె ఇళ్ళ మీద ఫిర్యాదులొస్తే వెళ్ళి చూసి, ఇల్లు ఏ స్థితిలో ఉందో రాయాలి. ఫిర్యాదు చేసేవాళ్ళు మామూలుగా గుమ్మం దగ్గరే అటూ ఇటూ చూస్తారు. పేరు రాయొద్దంటారు. ఇంటాయనకి తెలిస్తే కొంప మునుగుతుందంటారు. ఈవిడ మాత్రం ఎండ గొడుగు మడిచి మూల నిలబెట్టి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పేరు శుభ్రంగా రాసుకోండి బాబూ. ముప్ఫయ్యేళ్ళు జనానికి సూదులు పొడిచినదాన్ని, ఇంటాయనకి భయపడతానా?" అంది.

ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ఇప్పటికీ ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ నర్సమ్మే. ఆరు వాటాల పాత మేడలో మొదటి అంతస్తులో ఇరవయ్యేడేళ్ళుగా అద్దెకుంటోంది. వెనక గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతోందట. మెట్లు ఒకచోట బీటలిచ్చాయట. ఎన్నిసార్లు చెప్పినా ఓనరు "చూద్దాం" అంటాడట.

"చూద్దాం చూద్దాం అంటూనే నాలుగేళ్ళు గడిపాడు. అంత చూపున్న మనిషిని నేనెక్కడా చూళ్ళేదు. మిగతా అయిదిళ్ళవాళ్ళూ వద్దే వద్దన్నారు, ఎందుకొచ్చిన గొడవ అన్నారు. నేనే సర్దిచెప్పాను. బాగుచెయ్యమని అడగడం కూడా తప్పేనా బాబూ?"

"తప్పేముందమ్మా, అది మీ హక్కు" అన్నాను.

ఫారం మీద యజమాని పేరు రాసేటప్పుడు నా కలం కాస్త ఆగింది. మేముంటున్న ఇంటికి కూడా ఆయనే యజమాని. అలాంటప్పుడు ఫైలు వేరే ఇన్‌స్పెక్టరుకి అప్పజెప్పాలని రూలుంది. నేను అప్పజెప్పలేదు. నేనేమైనా తప్పుడు రాతలు రాయబోతున్నానా అనుకున్నాను. ఆ రోజు నిజంగానే అలా అనుకున్నాను.

ఆ వారంలోనే వెళ్ళి చూశాను. వెళుతూ మా నాన్నని వెంటబెట్టుకెళ్ళాను.

నాన్న తాపీమేస్త్రి. యాభయ్యేళ్ళు గోడలు కట్టి, ఆ దుమ్మంతా మింగి, ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. మా ఇద్దరిలో డిప్లొమా నాది, చదువు ఆయనది. ఏ గోడ పక్కనుంచి వెళ్ళినా దాన్ని పలకరించకుండా పోలేడు. పెళ్ళికి తీసుకెళితే పెళ్ళికూతుర్ని వదిలేసి హాలు స్తంభాలు చూసొచ్చే రకం. నాకు అనుమానంగా ఉన్న ఇళ్ళకి, ఆయన ఒంట్లో బాగున్న రోజుల్లో, ఆఫీసుకి తెలియకుండా తీసుకెళ్ళడం నాకు అలవాటు.

ఆ మేడ వెనక గోడ దగ్గర నాన్న చాలాసేపు నిలబడ్డాడు. వేలి కణుపులతో కొట్టాడు, చెవి ఆన్చాడు, రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టాడు. నర్సమ్మా, కింది వాటాలో కుట్టుపని చేసుకునే అమ్మాయీ, ఇంకో ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు.

"ఏం భయం లేదమ్మా" అన్నాడు నాన్న చేతులు దులుపుకుంటూ. "గోడకి జలుబు చేసింది, అంతే. పైన నీళ్ళు దిగే గొట్టం పగిలింది. అది మార్చి, ఆ మెట్ల కింద రెండు చువ్వలు వేసి పోత పోయిస్తే, మీరూ నేనూ పోయాక కూడా ఇది ఇలాగే నిలబడుంటుంది."

"మందు చెప్పేశారు, ఫీజు తీసుకోరా మేస్త్రిగారూ?" అంది నర్సమ్మ. అందరూ నవ్వారు. కుట్టుపని అమ్మాయి "చూశావా పెద్దమ్మా, నువ్వు చెప్తే భయపడ్డాం గానీ, నువ్వే గెలిచావు" అంది.

మా రిపోర్టు ఫారంలో మూడు గళ్ళుంటాయి. మొదటిది, ఇల్లు బాగున్నది. రెండోది, మరమ్మతు అవసరం. మూడోది, నివాసానికి పనికిరాదు. రెండో గడిలో టిక్కు పెడితే ఓనరు అరవై రోజుల్లో బాగుచేయించి తీరాలి, అద్దెకున్నవాళ్ళు కదలక్కర్లేదు. మూడో గడిలో పెడితే నలభయ్యయిదు రోజుల్లో అందరూ ఖాళీ చెయ్యాలి. ఆ పాత మేడలో ఉన్నవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు. వాళ్ళని కదిలించడానికి ఓనరుకి చట్టంలో మిగిలిన దారి ఆ మూడో గడి ఒక్కటే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆదివారం పొద్దున్న ఓనరు మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు, తేనె పూసి మరీ మాట్లాడతాడు. నా భార్యని "అమ్మాయ్, పిల్లా పాపా కులాసానా?" అని పలకరించి, ఇల్లంతా ఒకసారి తిరిగి, వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. అది నాన్న గది. పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా ఎండ పడే గది ఆ ఇంట్లో అదొక్కటే. అంతకుముందు మేమున్న ఇంట్లో చెమ్మకి నాన్న ప్రతి వానాకాలం ఆస్పత్రిలో పడేవాడు. నా భార్య రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి ఈ ఇల్లు పట్టుకుంది.

"భలే ఎండ పడుతుంది కదండీ" అన్నాడు ఓనరు. నాన్న అప్పుడు పెరట్లో ఉన్నాడు. "మావాడికి పెళ్ళి కుదిరింది. ఈ వాటా వాడికి కావాలంటున్నాడు. నేనే ఆపుతున్నాను. పెద్దాయన ఊపిరి జబ్బు మనిషిరా, ఇప్పటికిప్పుడు ఎక్కడికెళతారు అన్నాను."

"మీ దయ" అన్నాను. నా నోటినుంచి ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో!

"పాత మేడకెళ్ళారట. దానిమీద నాకు ఆశలేదు సార్. రేపేదైనా జరిగితే ఎవరు జవాబు చెప్తారు? ప్రాణాలకన్నా ఎక్కువా? మీరు చదువుకున్నవాళ్ళు, ఏది క్షేమమో అది రాయండి. ఇలా రాయండి అని చెప్పేంతవాణ్ణి కాదు."

అన్నీ చెప్పాడు. ఏమీ అడగలేదు. వెళుతూ వెళుతూ నాన్నకి పెరటి గుమ్మంలోంచి దణ్ణం కూడా పెట్టాడు. పొమ్మనలేక పొగబెట్టడమంటే విన్నాను గానీ, అంత చల్లగా పొగబెట్టేవాణ్ణి అదే చూడడం.

మర్నాడు ఆఫీసులో మూడో గడిలో టిక్కు పెట్టాను. చెయ్యి వణకలేదు. వణికిందని చెప్పుకోగలిగితే బాగుండేది. కారణాలు అన్నచోట, వెనక గోడలో చెమ్మ, మెట్లలో పగుళ్ళు, వర్షాలకు కూలే ప్రమాదం అని రాశాను. మొదటి రెండూ నిజాలే. మూడోది వాటి భుజాల మీద ఎక్కి కూర్చుంది. మా ఆఫీసరు చదవకుండానే సంతకం పెట్టాడు. "వానాకాలం కదయ్యా, మనకెందుకు రిస్కు?" అన్నాడు.

ఆర్డరు కాగితం ఆ మేడ గోడకి అంటించిన రోజు సాయంత్రం నర్సమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నా కోసం కాదు, నాన్న కోసం. నేను లోపలి గదిలో ఉన్నాను. బయటికి రాలేదు.

"మేస్త్రిగారూ, మీరేమో నిలబడుతుందన్నారు. కాగితమేమో పడిపోతుందంటోంది. ఎవరి మాట నమ్మమంటారు?"

"కాగితమా? ఏం కాగితం?"

"ఖాళీ చెయ్యాలట. పాపం బాబు సరిగ్గానే రాసుంటాడు. పైవాళ్ళే మార్చుంటారు. పై ఆఫీసులో అప్పీలు పెట్టుకోవచ్చంటున్నారు. ఆ రోజు మీరన్న మాట అందరం విన్నాం కదా, అక్కడికొచ్చి అదే మాట చెప్తే చాలు. వస్తారా?"

"వస్తానమ్మా" అన్నాడు నాన్న.

ఆవిడ వెళ్ళాక ఆయన నా గది గుమ్మంలోకి వచ్చాడు. ఆయాసపడుతున్నాడు.

"ఒరే, పైవాళ్ళు మార్చారా?"

నేను తల దించుకున్నాను.

"ఓనరు ఆదివారం వచ్చింది అందుకేనా?"

"నీ గది పోతుంది నాన్నా" అన్నాను. "మళ్ళీ ఆ చెమ్మ కొంపలోకి వెళితే నువ్వు తట్టుకోలేవు."

ఆయన నన్ను తిట్టుంటే తేలికపడేవాణ్ణేమో. "నా కోసమా?" అని మాత్రం అడిగాడు. ఎంతో మెల్లగా అడిగాడు. తరవాత వెనక గదిలోకి వెళ్ళి, పరుపు చుట్టి, ఈడ్చుకుంటూ తెచ్చి ముందు వసారాలో వేసుకున్నాడు. వసారాలోకి జల్లు కొడుతుంది. నా భార్య "మావయ్యా, వద్దు మావయ్యా" అని పరుపు పట్టుకుని లాగింది. ఆయన వదల్లేదు.

నా భార్య వంటింట్లోకి వచ్చి నాతో అన్నది ఒకటే మాట. "నాతో ఒక్కసారి చెప్పుంటే ఇంకో ఇల్లు వెతికేదాన్ని కదండీ."

అప్పీలు విచారణ రోజున కూడా కుండపోత. పై ఆఫీసులో పొడుగాటి బల్ల, దాని వెనక పెద్ద ఆఫీసరు, ఆవిడ పక్కన గుమాస్తా. ఒక వైపు ఓనరు, ఆయన లాయరు. ఇంకో వైపు ఆరు వాటాలవాళ్ళు, తడిసిన చెప్పులతో. రిపోర్టు రాసినవాణ్ణి కాబట్టి నేను ఓనరు వైపు కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. నాన్న చేతిని నర్సమ్మ పట్టుకుని నడిపించుకొచ్చింది. ఆయన నా తండ్రి అని బల్ల వెనక ఉన్నవాళ్ళకి తెలియదు. నర్సమ్మకి తెలుసు గానీ, సొంత తండ్రిని సాక్ష్యానికి రానిచ్చానని, దాన్ని ఆవిడ నా మంచితనం కింద లెక్కేసుకుంది.

పెద్ద ఆఫీసరు మర్యాదగానే అడిగింది. "మేస్త్రిగారూ, మీరు ఆ గోడ చూశారట. నిలుస్తుందని చెప్పారట. నిజమేనా?"

"చెప్పానండి."

"అయితే ఇన్‌స్పెక్టరు రాసింది తప్పంటారా?"

నాన్న నా వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న కిటికీని చూశాడు, కిటికీ పక్కన గోడని చూశాడు. నేను ఆ క్షణంలో లేచి నిలబడి ఉండవచ్చు. తప్పేనండీ అని నేనే అని ఉండవచ్చు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

"పెద్దవాణ్ణయిపోయానండి" అన్నాడు నాన్న. "చెవులు మునుపట్లా లేవు. గోడ ఏమంటోందో నాకిప్పుడు సరిగా వినబడట్లేదు."

గుమాస్తా అది రాసుకున్నాడు. కుట్టుపని అమ్మాయి ఏదో అనబోయింది. నర్సమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. పదినిమిషాల్లో అప్పీలు కొట్టేశారు. మెట్లు దిగేటప్పుడు కూడా నాన్న చెయ్యి పట్టుకుని దింపింది నర్సమ్మే.

ఆ రోజు తరవాత నాన్న ఏ గోడనీ పలకరించలేదు. పక్కింటాయన ప్రహరీ కట్టిస్తూ "మేస్త్రిగారూ, ఈ వరస నిలువుగా ఉందా?" అని అడిగితే "నాకు తెలియదండీ" అని లోపలికొచ్చేశాడు. వసారాలో జల్లుకి దగ్గు పెరిగింది. వెనక గదిలో ఎండ ఖాళీ నేల మీద పడి, మధ్యాహ్నానికి వెళ్ళిపోయేది. ఆ గదిలోకి మాలో ఎవరమూ వెళ్ళేవాళ్ళం కాదు.

ఖాళీ చేసే రోజున తాళం వేసి సీలు వెయ్యడానికి నేను వెళ్ళాలి. అదీ నా డ్యూటీయే. చిన్న వ్యానొకటి ఆరిళ్ళ సామానూ విడతలుగా మోస్తోంది. కుట్టుమిషను వానలో తడుస్తోంది. ఆ అమ్మాయి దానిమీద కప్పిన గోనెపట్టా సర్దుతూ, అందరూ వినేలా నర్సమ్మతో అంటోంది.

"నీకెందుకొచ్చిన గొడవ పెద్దమ్మా అని ఆ రోజే మొత్తుకున్నాను. కారితే కారింది, నెత్తిన ఓ కప్పుండేది. బిందె పెట్టుకుని పడుకునేవాళ్ళం. నువ్వు పెద్ద ఝాన్సీలక్ష్మిలా ఆఫీసుకెళ్ళి ఆరు కొంపలూ కూల్చావు. నా మొహం నీకు చూపించను, నీ మొహం నాకు చూపించకు."

మిగతావాళ్ళు ఎవరూ ఆ అమ్మాయిని వారించలేదు. సామాను ఎక్కిస్తున్నట్టు అటు తిరిగారు.

అన్ని వాటాలూ ఖాళీ అయ్యాక, నర్సమ్మ తన తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

"మీరు బాధపడకండి బాబూ, మొహం అలా పెట్టుకోకండి. మీ తప్పేముంది? పిలిచింది నేనే కదా" అంది.

ఒక్క మాట చాలు. "మీ తప్పు కాదమ్మా" అంటే చాలు, మిగతాది చెప్పకపోయినా సరే. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. "జాగ్రత్తగా వెళ్ళండి, దారంతా బురదగా ఉంది" అన్నాను.

ఆ మేడని మూడు రోజుల్లో నేలమట్టం చేస్తామని వచ్చినవాళ్ళు మూడు వారాలు కష్టపడ్డారు. "ఎవడు కట్టాడో గానీ సార్, గునపాలు వంగిపోతున్నాయి" అన్నాడు వాళ్ళ కాంట్రాక్టరు నాతో, మెచ్చుకోలుగా. అదే రోజుల్లో ఓనరు కొడుకు పెళ్ళి కూడా జరిగింది. ఆ అబ్బాయి పెళ్ళాంతో వేరే ఊళ్ళో కాపురం పెట్టాడు. అక్కడే ఉద్యోగమట, ఏడాదిగా. మా వాటా ఎన్నడూ ఎవరికీ అక్కర్లేదు.

ఆ సంగతి నాన్నకి చెప్పాను. ఆయన దగ్గుతూనే నవ్వాడు. నవ్వడం ఆపి, "మరి ఆవిడెక్కడుందో కనుక్కున్నావా?" అన్నాడు.

వానలు వెనకబట్టాక కనుక్కున్నాను. బస్సు డిపో వెనక, షెడ్డు లాంటి ఒంటి గది. నర్సమ్మ నన్ను చూసి కంగారుగా కుర్చీ తుడిచింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. గళ్ళు మూడుంటాయని, నేను పెట్టాల్సింది రెండో గడిలో అని, పెట్టింది మూడో గడిలో అని, ఎందుకు పెట్టానో కూడా. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

ఆవిడ మంచం అంచున కూర్చుంది.

"మేస్త్రిగారికి తెలుసా?"

"తెలుసు."

"ఆ రోజే అనుకున్నాను. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి ఆయన. చెవులు వినబడవన్నాడు గానీ, గుమాస్తా కలం కిందపడితే అటు తిరిగి చూశాడు." దుప్పటి అంచు సర్దింది. "నాకు రోజూ ఇదే ధ్యాస బాబూ. నోరుమూసుకుని పడుంటే అందరం అక్కడే ఉండేవాళ్ళం కదా అని. అన్నం ముందు కూర్చుంటే అదే, పడుకుంటే అదే."

"మిమ్మల్ని క్షమించమని అడిగే అర్హత..."

"అడక్కండి" అంది ఆవిడ చటుక్కున. "అడిగితే సరేలే అనేస్తాను. జీవితమంతా రోగులకి అలాగే చెప్పాను, ఏం ఫర్వాలేదు తగ్గిపోతుంది అని. నాకు అలవాటైపోయింది. మీరు అడగొద్దు, నాచేత అనిపించొద్దు."

లేచి, మందుల చీటీ వెనక నాలుగు చిరునామాలు రాసింది. అయిదోవాళ్ళు ఎక్కడికి పోయారో తనకీ తెలియదంది.

"వెళ్ళి చెప్పండి. నర్సమ్మ తప్పు కాదు అని ముందు చెప్పండి. మీ కథ తరవాత చెప్పుకోండి."

తరవాత ఏమయిందో అంతా విడమరచి చెప్పే పనిలేదు. ఆ నలుగురిలో ఒకాయన ఆఫీసుకి నా మీద కాగితం పెట్టాడు, నేను ఒప్పుకున్నాను, ఉద్యోగం పోయింది. ఆ ఇల్లూ వదిలేశాం. ఇప్పుడు ఒక కట్టడాల కాంట్రాక్టరు దగ్గర కొలతలు తీస్తున్నాను. నాన్న చలికాలం దాటలేదు. అయిదో ఇంటివాళ్ళు నాకు ఇప్పటికీ దొరకలేదు.

కానీ నా కళ్ళముందు కదిలేది మొదటి గుమ్మమే. చీటీలో మొదటి చిరునామా కుట్టుపని అమ్మాయిది. ఇరుకు సందులో, ఇంకెవరిదో ఇంటి మెట్ల కింద మిషను వేసుకుని కూర్చుంది. నేను చెబుతున్నంతసేపూ మిషను తొక్కుతూనే ఉంది. "నర్సమ్మ తప్పు కాదు" అన్నప్పుడు కాలు ఆగింది.

నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. దానికి సిద్ధపడే వెళ్ళాను.

"నేనావిణ్ణి ఎన్నేసి మాటలన్నానో మీరు విన్నారు కదా" అంది. "అక్కడే ఉన్నారు కదా మీరు. విని కూడా ఊరుకున్నారు."

"విన్నాను."

"మా పెద్దదానికి జ్వరమొస్తే మూడు రోజులు నిద్రలేకుండా కూర్చుందండీ ఆవిడ. అలాంటి మనిషిని పట్టుకుని నీ మొహం చూపించకు అన్నాను." ఆమె రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. నా తప్పు మొయ్యడానికి ఇంకో మనిషిని వెతుక్కుంటూ వచ్చినట్టయింది.

కాసేపటికి ఆమె పైటచెంగుతో మొహం తుడుచుకుంది. కుడుతున్న గుడ్డని సూది కింద నుంచి లాగి, దారం పళ్ళతో తెంపి, మిషను మీద మూత వేసింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఆవిడెక్కడుంటోంది? దారి చూపించండి" అంది.

నేను ముందు నడిచాను. ఆమె నాకు నాలుగడుగుల వెనకగా వచ్చింది, నాతో కలిసి నడుస్తున్నట్టు ఎవరికీ కనిపించకూడదన్నట్టు.